పెళ్లి డీవీడీ పదిలమేనా?

మీ పెళ్లిదో, అమ్మాయి ఓణీల ఫంక్షన్‌దో డీవీడీ బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉందనుకుంటున్నారా? ఒక్కసారి తీసి చూడండి. వీడియో తీసినవాళ్లు రాసిచ్చే డిస్కులో బొమ్మంతా పల్చని రంగు పొర మీద నమోదై ఉంటుంది. వేడికీ, వెలుతురుకీ, తేమకీ ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొర దెబ్బతింటుంది. సినిమా డిస్కు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. అక్షింతలు వేస్తూ నవ్విన అమ్మమ్మని, అప్పగింతలప్పుడు కళ్లు తుడుచుకున్న నాన్నగారిని ఎక్కడ కొనుక్కుంటాం?

పెళ్లిరోజుకి అందులోంచి ఓ పది నిమిషాల ముక్క చేసి అందరికీ పంపాలన్నా, ముందు డిస్కులో ఉన్నదాన్ని ఎడిటింగ్‌కి పనికొచ్చే ఫైల్‌గా మార్చుకోవాలి. అదంతా పిల్లల పని అని వదిలేయకండి. ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుంటే మీరే చేసేయొచ్చు.

ముందు నకలు తీయండి

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు పెట్టే చోటు ఉండదు. యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ విడిగా దొరుకుతుంది. మెత్తని పొడిబట్టతో డిస్కుని మధ్య నుంచి అంచు వైపు తుడవండి. గుండ్రంగా రుద్దకూడదు సుమా!

డిస్కు తెరిస్తే ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేయండి. అరగంట పట్టినా కంగారు పడొద్దు. మధ్యలో ఆగిపోతే డిస్కు మళ్లీ తుడిచి, వీలైతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి.

ఆవకాయ జాడీలో రోజూ చెయ్యి పెట్టం కదా! వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటాం. ఇదీ అంతే. ఈ ఫోల్డర్ జాడీ లాంటిది. దాన్ని కదపకుండా ఉంచి, దానిలోంచి తీసిన ఫైల్‌తోనే ఎడిటింగ్ చేసుకోవాలి.

ఫైల్‌గా మార్చడం ఇలా

ఫోల్డర్‌లో వీఓబీ ఫైళ్లు నాలుగైదు ఉంటాయి. ఒక్కోటీ 1 జీబీకి మించకుండా తెగుతుంది కాబట్టి, మంగళసూత్రం కట్టే దగ్గరే ముక్క తెగినా ఆశ్చర్యం లేదు. వాటిని విడివిడిగా అతికించే శ్రమ వద్దు. ‘హ్యాండ్‌బ్రేక్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ మొత్తాన్ని తెరవండి. కనిపించే టైటిల్స్‌లో అన్నిటికన్నా పొడుగైనదే సాధారణంగా మీ అసలు వీడియో.

* ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264 ఎంచుకోండి.
* క్వాలిటీ అంకె 18 దగ్గర పెట్టండి. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైల్ పెద్దదవుతుంది.
* ఫ్రేమ్ రేట్ ‘సేమ్ యాజ్ సోర్స్’ ఉంచి, పక్కన ‘కాన్‌స్టంట్’ నొక్కండి. లేకపోతే ఎడిటింగ్‌లో మాటకీ పెదవికీ పొంతన తప్పొచ్చు.
* కదిలే చేతుల దగ్గర దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే, ఫిల్టర్స్‌లో ‘డీఇంటర్లేస్’ పెట్టండి.
* సైజు పెంచకండి. మన దగ్గరి డీవీడీ బొమ్మ మామూలుగా 720 × 576 చుక్కలే. సాగదీస్తే కొత్త వివరాలేవీ రావు, మసకబారుతుందంతే.

మొదట రెండు నిమిషాల ముక్క మార్చి చూసుకోండి. పెళ్లికూతురు ఉన్నదానికన్నా లావుగానో, సన్నగానో కనిపిస్తే సైజు దగ్గర ఏదో మారిందన్నమాట. అంతా సరిగ్గా ఉంటేనే మొత్తం మార్చండి. మార్చిన ఫైల్‌నే మళ్లీ మళ్లీ మార్చకండి, ప్రతిసారీ కాస్త నాణ్యత పోతుంది.

ఒక మాట. కొన్న సినిమా డిస్కులకు చాలావాటికి తాళం ఉంటుంది, కాపీ హక్కులూ ఉంటాయి. ఇదంతా మన ఇంటి వీడియోల కోసమే.

పని అయ్యాక

ఫోల్డర్‌నీ, ఎంపీ4 ఫైల్‌నీ రెండు వేరువేరు చోట్ల దాచండి. ఒకటి మీ దగ్గర, ఇంకోటి అక్కయ్య దగ్గరో తమ్ముడి దగ్గరో. పాత డిస్కు పారేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో చూస్తూ ఎవరెవరో పేర్లు రాసుకోండి. ఫైల్ ఎంత పదిలంగా ఉన్నా, ఆ పేర్లు చెప్పగలిగేది వాళ్లే కదా!