ఆటలో కొత్త జాతి పుట్టేదెలా?

నాటకంలో వేషం మార్చాలంటే ముఖం కడుక్కొని వేరే రంగు పూసుకుంటే చాలు. ఇంటర్నెట్‌లో లక్షలమంది కలిసి ఆడే ఆటల్లో మాత్రం అది అంత తేలిక కాదు. ఎందుకో చూద్దాం.

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటను అమెరికాలోని బ్లిజార్డ్ సంస్థ 2004 నవంబరులో విడుదల చేసింది. ఇందులో చేరేవారు ముందుగా తమ పాత్రకు ఒక జాతిని, ఒక వృత్తిని ఎంచుకోవాలి. మొదట్లో జాతులు 8. మనుషులు, మరుగుజ్జులు, నైట్ ఎల్ఫులు, నోమ్‌లు ఒక పక్షం. ఆర్కులు, చచ్చి లేచినవాళ్లు, ఎద్దుతల టారెన్లు, ట్రోల్‌లు రెండో పక్షం. వృత్తులు 9. ఎనిమిదిని తొమ్మిదితో హెచ్చవేస్తే 72 రకాల పాత్రలు రావాలి కదా! కాని ఆట ఒప్పుకున్నవి 40 మాత్రమే. అప్పట్లో టారెన్ మాంత్రికుడు కాలేకపోయేవాడు, నోమ్ వేటగాడు కాలేకపోయేవాడు.

ఇంతకీ మీ పాత్ర ఎక్కడుంటుంది? మీ కంప్యూటర్‌లో కాదు. కంపెనీవారి సర్వర్‌లో, బడి హాజరుపట్టీలో ఒక వరుసలాగా ఉంటుంది. పేరు, స్థాయి, జాతి సంఖ్య, వృత్తి సంఖ్య, సంచిలోని సామాను అన్నీ అందులోనే. జాతి మార్చడమంటే అక్కడ ఒక అంకె కొట్టేసి మరో అంకె వేయడమే. మరి కష్టమేమిటి?

కష్టం శిరస్త్రాణంతో మొదలవుతుంది. మనిషి తలకు అతికే ఇనుపటోపీ కొమ్ములున్న టారెన్‌కు పట్టదు. అందుచేత ఒక్కొక్క టోపీని జాతికి రెండు చొప్పున, అంటే ఆడవారికి ఒకటి, మగవారికి ఒకటి, మొత్తం 16 ఆకారాల్లో తయారుచేయాలి. 2007లో బ్లడ్ ఎల్ఫులు, డ్రెనైలు వచ్చేసరికి ఆ 16 కాస్తా 20 అయింది. 2010లో గోబ్లిన్లు, తోడేలు రూపపు వోర్గెన్లు చేరి 24. 2012లో పాండాలవంటి పాండారెన్లతో 26! ఇది ఒక్క టోపీ లెక్క. నడక, పరుగు, నవ్వు, నాట్యం కూడా జాతికొక తీరు. గిట్టల కాళ్లకు బూట్లు తొడగడం మరీ చిక్కు కాబోలు, టారెన్ ఏ బూట్లు వేసుకున్నా గిట్టలే కనిపించేలా చేసి ఊరుకున్నారు. తెలివైన పనే.

ఇక జాతి మార్పు సంగతి. 2009 వరకు అది లేనేలేదు. 80వ స్థాయికి చేరినవాడు సైతం, వేరే జాతి కావాలంటే కొత్త పాత్రతో 1 నుంచి మొదలుపెట్టవలసిందే. ఆ ఏడాది కంపెనీ డబ్బు తీసుకొని పక్షం మార్చడం, తరువాత జాతి మార్చడం ప్రారంభించింది. అయితే వృత్తి మారదు. డ్రూయిడ్ అనే వృత్తి అప్పట్లో ఒక పక్షంలో నైట్ ఎల్ఫులకు, రెండో పక్షంలో టారెన్లకు మాత్రమే ఉండేది. కాబట్టి డ్రూయిడ్ తన పక్షంలోనే ఉండి జాతి మార్చుకోవడానికి దారే లేదు! 2010లో వోర్గెన్లకూ ట్రోల్‌లకూ ఆ వృత్తి ఇచ్చాకనే దారి దొరికింది. పక్షమే మారితే ఎక్కి తిరిగే జంతువులను కూడా అవతలి పక్షంవారి జంతువులతో మార్చాలి.

అసలు పేచీ న్యాయం దగ్గర వస్తుంది. టారెన్‌కు ప్రాణబలం 5 శాతం ఎక్కువ, నోమ్‌కు బుద్ధిబలం 5 శాతం ఎక్కువ అని మొదటి నియమాల్లో ఉండేది. వెంట్రుకవాసిలో ఓడేవాడికి 5 శాతం చిన్నదేమీ కాదు. జాతి మార్పును అమ్మకానికి పెడితే, డబ్బున్నవాడు తనకు లాభమైన జాతిలోకి దూకేస్తాడు. ఈ బలాలను దాదాపు సమానం చేస్తేనే అది ఉత్త వేషం అమ్మకం అవుతుంది. లేకపోతే గెలుపును అమ్మినట్లే అని నా అభిప్రాయం.

నోమ్ పుట్టుకతోనే తెలివైనదనడం ఆటకు చెల్లింది. మనుషులకు ఆ లెక్క అంటగట్టకండి. ఏ ఇద్దరు మనుషుల డీఎన్‌ఏ పోల్చినా సుమారు 99.9 శాతం ఒకటే. ఇటువంటి ఆటలకు మూలమైన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో వచ్చింది. 2024లో వెలువడిన దాని నియమాల పుస్తకంలో 'రేస్' అనే మాట తీసేసి 'స్పీషీస్' అని వేశారు. తెలుగులో రెండింటినీ జాతి అనే అంటాం కనుక తేడా మనకు చప్పున తట్టదు. మీ జీవశాస్త్రం పుస్తకంలో ఉండేది రెండోది.