భుజాన ఒక్క సంచి



"అయ్యగారూ, శ్రీలంక పోయొచ్చారంట, ఎంతయింది?" అని మన నాయుడుపేట సంఘంలో నన్ను అడగనివారు లేరు. విదేశయాత్ర ధనవంతులకే అని నేనూ అనుకున్నవాడినే. జూలై మాసంలో ఇద్దరు యౌవనస్థులతో కలిసి, తలొక సంచి భుజాన వేసుకుని బయలుదేరాను. రెండు జతల బట్టలు, దుప్పటి, మందులు, బైబిలు. అంతే.

మన పెద్దల కాలంలో ధనుష్కోటి దాకా రైలు, అక్కడినుండి తలైమన్నారుకు ఓడ ఉండేవి. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి కొట్టుకుపోయింది. ఇప్పుడు నాయుడుపేటలో రైలెక్కి చెన్నై చేరితే, అక్కడినుండి కొలంబోకు విమానంలో గంటన్నర లోపే. పాస్‌పోర్టుతో పాటు ఈటీఏ అనే ప్రవేశానుమతి ముందుగానే తీసుకోవడం మేలు. మన ఒక్క రూపాయికి మూడు లంక రూపాయలకు పైగా వస్తాయి.

కొలంబో నుండి అనూరాధపురం సుమారు 200 కిలోమీటర్లు. మూడవ తరగతి రైలులో వెళ్ళాము. ఊళ్ళ మధ్య ప్రభుత్వపు ఎర్ర బస్సులు ఎక్కాము. హోటళ్ళకు బదులు ఇళ్ళలో అద్దెకిచ్చే గదుల్లో పడుకున్నాము. అన్నం, పప్పు, పనసకూర, కొబ్బరి పచ్చడి కట్టిన పొట్లం ఒకటి మధ్యాహ్నానికి చాలు. మనల్ని తడిపే ఈశాన్య ఋతుపవనమే ఆ ప్రాంతాన్నీ తడుపుతుంది గనుక, అక్టోబరు నుండి జనవరి వరకు అటు వెళ్ళకపోవడం మేలు.

అనూరాధపురం జిల్లాలోనే తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే పల్లె ఉంది. అక్కడి అహికుంటకులు తరతరాలుగా పాములాడించి, కోతులాడించి, చేయి చూసి బ్రతికినవారు. వారి ఇంటి భాష తెలుగు! ఒక పెద్దామె మమ్మల్ని చాపమీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మాటలు సగమే అర్థమయ్యాయి. "నీళ్ళు" అన్నప్పుడు మాత్రం ఇద్దరమూ నవ్వుకున్నాము. మా కుర్రవాడు ఫోను పైకెత్తగానే ఆమె కొడుకు ముఖం చిన్నబోయింది. అడగకుండా ఫొటో తీయబోయినందుకు సిగ్గుపడి క్షమాపణ కోరాము. మనుమలు మాత్రం ఆమెకు సింహళంలోనే బదులిస్తున్నారు. బడి భాష అదే. ఆ పిల్లలతో ఈ తెలుగు నిలుస్తుందో లేదో!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన ఊరి చివర యానాదుల పేట ఉన్నది. ప్రతి క్రిస్మస్‌కు వెళ్ళి బట్టలు పంచి వచ్చాను. ఇన్నేళ్ళలో వారి గడపలో కూర్చుని, వారి చేతి టీ తాగింది లేదు. ఇచ్చేవాడిగా వెళ్ళాను గాని, అతిథిగా వెళ్ళలేదు. సంచి కూడా లేకుండా శిష్యులను ప్రభువు ఎందుకు పంపాడో ఆ చాపమీద కొంత అర్థమైంది. చేతులు ఖాళీగా ఉంటేనే ఎదుటివాడు ఇచ్చేది పుచ్చుకోగలము.

తిరిగి వచ్చిన వారంలో ఆ పేటకు ఉత్త చేతులతో వెళ్ళాను. "ఏం తెచ్చారయ్యా?" అన్నాడొక పెద్దాయన. "ఏమీ తేలేదు, టీ ఉంటే ఇవ్వండి" అన్నాను. కాసేపు నమ్మలేదు. తరువాత పొయ్యి వెలిగించారు.

ప్రియులారా, వీలైతే లంకకు వెళ్ళండి, తక్కువలో చూసి రావచ్చు. వీలుకాకపోతే, మీ ఊరి చివరిదాకా వెళ్ళండి.