భారీ చిత్రపరంపరలు – దర్శకుని కర్తృత్వము

స్వల్పవ్యయముతో చిత్రములు తీసి కీర్తి గడించిన దర్శకులకు హాలీవుడ్ సంస్థలు భారీ చిత్రపరంపరలను అప్పగించుట ఈ శతాబ్దమున పరిపాటియైనది. అట్టి చిత్రమునకు కర్త యెవరను ప్రశ్నను ఇచట పరిశీలింతుము.

దీనిని సమస్యాపూరణముతో పోల్చవచ్చును. సమస్యలో ఒక పాదము పరదత్తమైనను తక్కిన మూడును కవివే. చిత్రపరంపరలో పాత్రలు, పూర్వకథ, విడుదల తేదీ తరచుగా ముందే నిర్ణీతములై యుండును. మిగిలిన పాదములైనను దర్శకునికి దక్కునా యన్నదే సందేహము. చిరకాలము శ్రమించిన 'యాంట్-మ్యాన్'ను ఎడ్గార్ రైట్ 2014లో అభిప్రాయభేదములచే విడిచిపోయెను.

రయన్ కూగ్లర్ మార్గము వేరు. 'ఫ్రూట్‌వేల్ స్టేషన్' (2013) ఆయన తొలి కథాచిత్రము. దానికి పనిచేసిన ఛాయాగ్రాహకురాలు రేచల్ మోరిసన్, కళారూపకర్త్రి హానా బీచ్లర్, సంగీతకర్త లుడ్విగ్ గోరాన్సన్ 'బ్లాక్ పాంథర్' (2018)నకును పనిచేసిరి. బీచ్లర్, గోరాన్సన్‌లకు 2019లో ఆస్కార్ పురస్కారములు లభించినవి. క్లోయీ జావ్ 'నోమాడ్‌లాండ్' (2020)నకు ఛాయాగ్రహణము జాషువా జేమ్స్ రిచర్డ్స్‌ది. 'ఎటర్నల్స్' (2021)నకు మార్వెల్ చిత్రములలో అనుభవజ్ఞుడైన బెన్ డేవిస్‌ది. ఐనను సహజస్థలములందు చిత్రించు అభిరుచిని ఆమె వీడలేదు.

కావున కర్తృత్వము పూర్తిగ ఉండుటయో, పోవుటయో కాదు. అది అంశములవారీగ నిలుచును. విమర్శకుడు దర్శకుని పేరుతోనే తృప్తినొందక, పాత సహచరులలో ఎవరెవరు వెంట వచ్చిరో, ఏ నిర్ణయము ఎవరిదో విడదీసి చూడవలెనని మా అభిప్రాయము.