తవుడు నూనె గుండెకు మంచిదేనా?

గుండెజబ్బుతో చేరిన రోగిని ఇంటికి పంపేటప్పుడు కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న, "డాక్టరుగారూ, ఇంట్లో ఏ నూనె వాడమంటారు?" అని. రైస్ బ్రాన్ ఆయిల్ ప్యాకెట్ మీద గుండె బొమ్మ చూసి, ఇదే వాడితే చాలనుకునేవారు చాలామంది ఉన్నారు. ఈ నూనెలో ఏముంది, ఎంతవరకు మేలు చేస్తుంది, ఎక్కడ జాగ్రత్తపడాలి అనే విషయాలు తెలుసుకుందాం.

తవుడు నుంచి నూనె ఎలా వస్తుంది?

వడ్ల మీది ఊక తీసేశాక బియ్యపు గింజపై పలుచని గోధుమరంగు పొర మిగులుతుంది. పాలిష్ పట్టినప్పుడు రాలే ఈ పొరే తవుడు. పల్లెల్లో కుడితిలో కలిపి పశువులకు పెట్టేది ఇదే. ఇందులో సుమారు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. బియ్యం ఆడించిన వెంటనే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఈ నూనెను చెడగొట్టడం మొదలుపెడుతుంది. అందుకే తవుడును త్వరగా ఫ్యాక్టరీకి చేర్చి లేదా వేడిచేసి నిలవబెట్టి, ద్రావకంతో నూనె తీసి శుద్ధి చేస్తారు. శుద్ధి చేయని ముడి నూనెను వంటకు వాడకూడదు.

నూనెలో ఏముంటుంది?

100 గ్రాముల తవుడు నూనెలో సుమారుగా:
• ఒలీయిక్ ఆమ్లం – 40 గ్రాములు
• లినోలియిక్ ఆమ్లం (ఒమేగా-6) – 35 గ్రాములు
• సంతృప్త కొవ్వులు – 20 నుంచి 25 గ్రాములు
• ఒమేగా-3 కొవ్వు – 1 నుంచి 2 గ్రాములు

వీటితోపాటు విటమిన్ 'ఇ' జాతికి చెందిన పదార్థాలు, మొక్కల స్టెరాల్స్, ఒరిజనాల్ ఉంటాయి. ఒరిజనాల్‌ను 1950లలో జపాన్ శాస్త్రజ్ఞులు తవుడు నూనెలోనే గుర్తించారు. వరి శాస్త్రీయ నామం 'ఒరైజా' నుంచి దానికి ఆ పేరు వచ్చింది. క్షారం కలిపి శుద్ధి చేసే పద్ధతిలో ఒరిజనాల్ చాలావరకు పోతుంది. ఆవిరితో చేసే భౌతిక శుద్ధిలో ఎక్కువగా నిలుస్తుంది. లేబుల్ మీద ఈ వివరం ఉంటే చూసి కొనండి.

మన తార్నాకలో జరిగిన పరిశోధన

సికింద్రాబాద్ పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధాన ఆహారమైనచోట, తవుడుతో పాటు విటమిన్ బి1 పోవడం వల్ల వచ్చే వ్యాధి బెరిబెరి. అదే సంస్థ శాస్త్రజ్ఞులు 1980లలో, రక్తంలో కొవ్వు ఎక్కువగా ఉన్నవారికి అలవాటైన నూనెకు బదులు తవుడు నూనె ఇచ్చి పరీక్షించారు. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గాయని గమనించారు. ఒరిజనాల్, స్టెరాల్స్ పేగుల్లో కొలెస్ట్రాల్ రక్తంలోకి చేరకుండా కొంత అడ్డుపడటం ఇందుకు ఒక కారణం. తర్వాత ఇతర దేశాల్లో జరిగిన పరీక్షల్లోనూ చెడు కొలెస్ట్రాల్ కొంతమేరకు తగ్గింది. ఈ తగ్గుదల మందులతో వచ్చేదానికంటే చాలా తక్కువ.

కుటుంబ సభ్యులు గమనించవలసినవి

1. నూనె మార్చామని కొలెస్ట్రాల్ మాత్రలు ఆపకండి. స్టెంటు వేసినవారికి, బైపాస్ అయినవారికి ఇది ప్రమాదకరం. డాక్టరు చెప్పేవరకు మాత్రలు కొనసాగించాలి.

2. "కొలెస్ట్రాల్ లేదు" అనే మాట చూసి మోసపోకండి. మొక్కల నుంచి తీసే ఏ వంటనూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు.

3. ఏ నూనె అయినా ఒక గ్రాము 9 కేలరీలిస్తుంది. మంచి నూనె అని పూరీలు, బజ్జీలు ఎక్కువ తింటే బరువు, షుగరు రెండూ పెరుగుతాయి. నలుగురున్న ఇంటికి నెలకు మూడు లీటర్లు మించకుండా చూసుకోండి.

4. ఈ నూనె అధిక వేడికి తట్టుకుంటుంది. అయినా ఒకసారి వేపుడుకు కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచవద్దు.

5. ఇందులో ఒమేగా-3 తక్కువ. కాబట్టి చేపలు, అవిసె గింజలు ఆహారంలో చేర్చండి. వేరుశనగ, నువ్వుల నూనెలను కూడా మార్చి మార్చి వాడవచ్చు.

6. తవుడులోని పీచు, బి విటమిన్లు నూనెలోకి రావు. నూనె తీసిన పిండిలోనే ఉండిపోతాయి. అవి కావాలంటే దంపుడు బియ్యం తినాలి. షుగరు ఉన్నవారు దీన్ని కూడా మితంగానే తినాలి.

తవుడు నూనె మంచిదే. ఇంట్లో ఉప్పు, నూనె తగ్గించి, పొగ మాని, రోజూ కొంతసేపు నడిచి, మాత్రలు వేళకు వేసుకుంటేనే దాని మేలు కనిపిస్తుంది. రోగికి ఒకలా, మిగిలినవారికి ఒకలా వండవలసిన పని లేదు. అందరూ అదే మితమైన ఆహారం తింటే రోగికి తోడు దొరుకుతుంది, మీ ఆరోగ్యమూ నిలుస్తుంది. దేవుడిచ్చిన ఈ శరీరాన్ని కాపాడుకోవడం మన బాధ్యత. ఆహారం విషయంలో ఏ సందేహమున్నా ఇంటికి వెళ్లేముందే డైటీషియన్‌ను అడిగి తెలుసుకోండి.