మిద్దె కారినచో మరమ్మతు ఎవరిది?

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మట్టిమిద్దెకు తొలకరికి ముందే చౌడు పోయనిచో వాన యింటిలోనే కురియును. గుంటమగ్గములోనికి నీరు దిగెనా, నేతగాని పని నిలిచినట్లే. ఇల్లు బాడుగది, యజమానుడు రేపు మాపు అనుచున్నాడు. ఏమి చేయవలెను?

“బాడుగ ఆపివేయుము” అని పలువురు సలహా నిత్తురు. అది మేలుగాదు. బాకీపడినవాడు తన్ను ఖాళీ చేయించు దావాకు తానే దారి చూపినవాడగును.

1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనున ఒక ఉపాయము కలదు. తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన పిదప తగిన కాలములో యజమానుడు చేయనిచో, బాడుగదారు తానే చేయించి ఆ వ్యయమును వడ్డీతోగూడ బాడుగలో మినహాయించుకొనవచ్చును. చిక్కంతయు ‘తాను చేయవలసిన’ అను మాటలోనే యున్నది. ప్రతి మరమ్మతును ఈ సెక్షను యజమానుని నెత్తిన పెట్టలేదు. దేనికి అతడు కట్టుబడెనో ఋజువు కావలెను. కావున ఇంట చేరునాడే, చౌడు ఎవరు పోయవలెనో, గోడ కూలిన ఎవరు కట్టవలెనో కరారులో వ్రాయించుకొనుడు. ఏడాదికి మించిన గడువైనచో రిజిస్టరీ తప్పదు. పని మొదలిడకముందు వ్రాతమూలముగా నోటీసు పంపి రసీదును, పిదప కూలి, సున్నము, దూలముల చీట్లను దాచుకొనవలెను.

2009 అక్టోబరున తుంగభద్ర మంత్రాలయమును ముంచెను గదా. అట్టి వరదచే ఇంటి ముఖ్యభాగము శాశ్వతముగా పనికిరాకపోయినచో, ఒప్పందమును రద్దుచేసికొను హక్కు బాడుగదారునకు కలదు. ఉత్త కారుడునకు ఇది వర్తింపదు. నెలబాడుగ కాపురమువాడు, వేరు షరతు లేనిచో, 15 దినముల నోటీసుతో విడిచిపోవచ్చును. పొలముల కౌళ్లు వేరు.

మాట పొసగనిచో, వ్యాజ్యమునకు ముందే న్యాయసేవా కమిటీకి అర్జీ యిచ్చి లోక్ అదాలతున రాజీకి యత్నింపవచ్చును.