మళ్ళీ అడగొచ్చు... మళ్ళీ చెయ్యకూడదు!

సంక్రాంతికి ఉదయగిరి వెళ్లాను. రాత్రి ఎనిమిదిన్నర అయింది. అమ్మకి బీపీ మాత్రలు అయిపోయాయంటే మెడికల్ షాపుకి వచ్చాను. బిల్లు 640 రూపాయలు. స్కాన్ చేశా, పిన్ కొట్టా. స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. కొండ పక్కన మా వీధిలో సిగ్నల్ రెండు గీతలు కనిపిస్తే అదే పండగ. ఇంతలో బ్యాంకు మెసేజ్ వచ్చింది, 640 కట్. షాపులో స్పీకర్ మాత్రం నోరు మెదపలేదు.

"బాక్సు మోగలా అబ్బయా," అన్నాడు షాపాయన.

"నాకు కట్ అయిందన్నా, ఇదిగో చూడు."

"నీకు కట్టయితే సరా? నాకు రావాల గదా!"

నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. మొహమాటంగా ఉండి, "సరే, మళ్ళీ కొడతాలే అన్నా" అన్నాను. ఆయనే ఆపాడు.

"వద్దు. రెండుసార్లు పోతే అదింకో తలనొప్పి." కౌంటర్ కింద నుంచి పొడుగు పుస్తకం తీసి నా పేరు, టైము, 640 అని రాసుకున్నాడు. "మాత్రలు తీసకపో. డబ్బులు నాకొస్తే ఈ లైను కొట్టేస్తా. నీకే తిరిగొస్తే అప్పుడు ఇయ్యి."

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మెసేజ్ పోకుండా, రెండుసార్లు పడకుండా చూడటమే నా పని. దాని గురించి లావుపాటి స్పెసిఫికేషన్లు చదివాను. ఆ రాత్రి షాపాయన చెప్పిన నాలుగు ముక్కల్లో వాటి సారం మొత్తం ఉంది. అదెలాగో మీకు చెప్పాలనే ఈ కథ.

పోయింది మెసేజా? జవాబా?

మీరు ఒక సర్వర్‌కి "640 పంపు" అని చెప్పారు. జవాబు రాలేదు. ఏం జరిగినట్టు?

ఒకటి, మీ మాట అక్కడికి చేరనే లేదు. రెండు, మాట చేరింది, పని కూడా అయింది, "అయింది" అన్న జవాబే దారిలో పోయింది. మూడు, సర్వర్ ఇంకా పని చేస్తూనే ఉంది, లేటంతే. ఇటు వైపు నిలబడిన మీకు మూడూ ఒకేలా కనిపిస్తాయి. గుండ్రం తిరుగుతుంది, అంతే.

ఉదయగిరి కోటనే తీసుకోండి. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట అది. కొండకి ఇటో దండు, అటో దండు ఉన్నాయనుకోండి. ఇద్దరూ ఒకేసారి ఎక్కితేనే గెలుపు. "తెల్లారుజామున ఎక్కుదాం" అని ఇటు సేనాని వేగును పంపాడు. వేగు దారిలో దొరికిపోయాడేమో? అందుకని అటు సేనాని "సరే, అందింది" అని ఇంకో వేగును పంపాలి. ఆ వేగు చేరాడని అతనికి ఎలా తెలుస్తుంది? దానికి ఇంకో వేగు... ఎంతమందిని పంపినా చివరి వేగు సంగతి తేలదు. ఇది నా ఊహే, చరిత్ర కాదు. కానీ ఈ చిక్కు మాత్రం కంప్యూటర్ సైన్స్‌లో చాలా పాతది. 1978లో జిమ్ గ్రే అనే డేటాబేస్ శాస్త్రవేత్త దీనికి 'ఇద్దరు సేనానులు' అని పేరు పెట్టాడు. దారి నమ్మకమైంది కానప్పుడు, ఇద్దరికీ నూరు శాతం ఖాయం చేసే పద్ధతి లేనే లేదు.

మరి మన డబ్బులు రోజూ ఎలా చేరుతున్నాయి? ఖాయం చేసే ఆశ వదిలేసి, ఇంకో దారి పట్టారు.

రసీదు కార్డు సూత్రం

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, రిజిస్టర్డ్ పోస్టుకి వెనక ఒక రసీదు కార్డు అంటించేవారు. అవతలి మనిషి సంతకం పెడితే ఆ కార్డు మనకి తిరిగొచ్చేది. (రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబర్ 1న స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.) కార్డు రాకపోతే మనం ఇంకో ఉత్తరం వేసేవాళ్లం.

వెబ్ సర్వీసుల్లో ఇదే సూత్రం. 2003లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్, బీఈఏ, టిబ్కో కంపెనీలు కలిసి 'డబ్ల్యూఎస్-రిలయబుల్ మెసేజింగ్' అనే పద్ధతి రాశాయి. 2007లో అది ఒయాసిస్ సంస్థ స్టాండర్డ్ అయింది. దాన్ని నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో ఒకటి అపాచీ శాండేశా. పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? మన 'సందేశం' మాటే.

పద్ధతి సింపుల్. పంపేవాడు ప్రతి మెసేజ్‌కీ నంబర్ వేస్తాడు. అందుకున్నవాడు "1 నుంచి 4 వరకు, తర్వాత 6 అందాయి" అని రసీదు ఇస్తాడు. అంటే 5 పోయినట్టు. పంపేవాడు 5ని మళ్ళీ పంపుతాడు. రసీదు వచ్చేదాకా పంపుతూనే ఉంటాడు. అందుకున్నవాడు మాత్రం అదే నంబర్ రెండోసారి వస్తే "ఇది అయిపోయిందిలే" అని రసీదు ఇచ్చి ఊరుకుంటాడు. పని మళ్ళీ చెయ్యడు.

మళ్ళీ అడగొచ్చు, మళ్ళీ చెయ్యకూడదు. మొత్తం ఇంతే.

ఇందులో ప్రాణం ఎక్కడుందో గమనించారా? అందుకున్నవాడి పుస్తకంలో. ఏ నంబర్లు అయిపోయాయో రాసుకున్న ఆ పుస్తకం పోతే, కథ మొదటికొస్తుంది.

నేను కొట్టిన రీస్టార్ట్

పుస్తకం పోతే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. నా చేతులతోనే చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో ఒక ప్రాజెక్టు. ఎరువుల డీలర్లు కంప్యూటర్లో ఆర్డర్ పెడితే అది మెసేజ్‌గా మా సర్వర్లకి వచ్చేది, అక్కడి నుంచి గోడౌన్‌కి పోయేది. సర్వర్లు రెండు. ఒకటి పడిపోయినా ఇంకోటి ఉంటుందని ధీమా. ముందు లోడ్ బ్యాలెన్సర్ ఉంటుంది. అంటే బస్టాండులో నిలబడి "నువ్వు ఆ బస్సెక్కు, నువ్వు ఈ బస్సెక్కు" అని జనాన్ని సర్దే మనిషి లాంటిది.

అయిపోయిన నంబర్ల పుస్తకాన్ని మేం ఏ సర్వర్‌కా సర్వర్ మెమరీలోనే ఉంచాం. డిస్కు మీద రాస్తే స్లో అవుతుందని. ఒక శనివారం రాత్రి ప్యాచ్ వేసి మొదటి సర్వర్‌ని రీస్టార్ట్ కొట్టాను. మెమరీలో ఉన్న పుస్తకం తుడిచిపెట్టుకుపోయింది. సరిగ్గా ఆ క్షణంలో పనయిపోయి, రసీదు మాత్రం వెళ్లని ఆర్డర్లు కొన్ని ఉన్నాయి. డీలర్ల సాఫ్ట్‌వేర్ దాని డ్యూటీ అది చేసింది, వాటిని మళ్ళీ పంపింది. లోడ్ బ్యాలెన్సర్ వాటిని రెండో సర్వర్‌కి తోలింది. దానికి పాత సంగతి తెలీదు. కొత్త ఆర్డర్లనుకుని గోడౌన్‌కి పంపేసింది.

సోమవారం పొద్దున ఫోన్. ఆత్మకూరు వైపు ఒక చిన్న డీలర్. "ఒక లారీకి ఆర్డర్ పెడితే రెండు లారీలొచ్చినయ్ సార్. నేను ఒక్కసారే నొక్కినా." ఆ గొంతు మా ఊరి యాస. రెండో లారీ దించుకోవడానికి ఆయన దగ్గర చోటు లేదు, కట్టడానికి డబ్బూ లేదు. లారీ తిప్పి పంపితే కిరాయి ఎవరు పెట్టుకోవాలని రెండు వారాలు పంచాయితీ నడిచింది. చివరికి కంపెనీయే పెట్టుకుంది. కానీ "నేను ఒక్కసారే నొక్కినా" అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఒకే పుస్తకం, ఎన్నో చేతులు

అప్పటి నుంచి నేర్చుకున్నవి మూడు.

మొదటిది: పుస్తకం సర్వర్లందరికీ ఉమ్మడిగా ఉండాలి. ఒక డీలర్ మెసేజ్‌లు ఎప్పుడూ ఒకే సర్వర్‌కి వెళ్లేలా లోడ్ బ్యాలెన్సర్‌కి చెప్పొచ్చు. కానీ ఆ సర్వర్ చచ్చిన రోజు సమస్య అలాగే ఉంటుంది. అందుకే నంబర్లు ఉమ్మడి డేటాబేస్‌లో రాయాలి. ఒకే నంబర్‌ని రెండు సర్వర్లు ఒకేసారి రాయబోతే, డేటాబేస్ ఒకదాన్నే రానిచ్చి రెండోదాన్ని తోసేయాలి.

రెండోది: పనీ, రాతా ఒకే దెబ్బకి జరగాలి. ముందు "అయింది" అని రాసి, పని చేసేలోపు కరెంటు పోతే? పని ఎప్పటికీ జరగదు. ముందు పని చేసి, రాసేలోపు కరెంటు పోతే? పని రెండుసార్లు జరుగుతుంది. రెండూ కలిపి ఒకే ట్రాన్సాక్షన్‌లో పెడితే, అయితే రెండూ అవుతాయి, లేకపోతే రెండూ కావు.

మూడోది: చచ్చిందా, లేటా? ఒక సర్వర్ పలకట్లేదంటే అది చచ్చిందని ఇంకోటి పెద్దరికం తీసుకుంటుంది. తీరా చూస్తే మొదటిది బతికే ఉంది, మధ్యలో వైరే తెగింది. ఇప్పుడు ఇద్దరు పెద్దలు, రెండు తీర్పులు! అందుకే సర్వర్లు మూడో ఐదో పెడతారు. మూడింట్లో రెండు ఒప్పుకుంటేనే పెద్దరికం. వైరు తెగి ఒంటరిగా మిగిలిన సర్వర్ తనంతట తానే తప్పుకుంటుంది.

అందరూ ఒకేసారి అడిగితే?

"మళ్ళీ అడగొచ్చు" అన్నాను కదా, దానికీ ఒక హద్దుంది. 2025 ఏప్రిల్ 12 గుర్తుందా? శనివారం. దేశమంతా యూపీఐ మొరాయించింది. టీ కొట్టు దగ్గర జనం జేబులు తడుముకున్నారు. ఎన్‌పీసీఐ కారణం వెతికితే తేలింది ఇది: కొన్ని బ్యాంకులు "ఆ లావాదేవీ ఏమైంది? ఏమైంది?" అని, పాతవాటి గురించి కూడా, ఆగకుండా అడుగుతూ పోయాయి. ఆ ప్రశ్నల వరదలో అసలు చెల్లింపులు ఇరుక్కుపోయాయి.

తర్వాత రూల్స్ బిగించారు. ఒక లావాదేవీ స్టేటస్‌ని బ్యాంకు మహా అయితే మూడుసార్లు, అదీ రెండు గంటల లోపు అడగాలి. 2025 ఆగస్టు 1 నుంచి మనం కూడా ఒక యాప్‌లో రోజుకి 50 సార్లు మించి బ్యాలెన్స్ చూసుకోలేం. ఆ ఆగస్టు నెలలోనే యూపీఐ లావాదేవీలు మొదటిసారి 2,000 కోట్లు దాటాయి.

మంచి సాఫ్ట్‌వేర్ ఎలా అడుగుతుందంటే, మొదట రెండు సెకన్లు ఆగుతుంది, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. దానికి తోడు కాస్త అటూ ఇటూ మారుస్తుంది, అందరూ ఒకే క్షణంలో ఎగబడకుండా. కోపంలో ఫోన్ మీద ఫోన్ కొట్టే మనకి కూడా ఇది పనికొచ్చే పద్ధతే!

మీకు ఇలా అయితే...

డబ్బు కట్ అయి అవతలి వాళ్లకి చేరకపోతే కంగారుపడి వెంటనే మళ్ళీ కొట్టకండి. యాప్‌లో 'పెండింగ్' అని ఉంటే అది ఇంకా తేలలేదని అర్థం. లావాదేవీ వివరాల్లో 12 అంకెల నంబర్ ఉంటుంది, దాన్ని దాచుకోండి. మీ మెసేజ్‌కి వేసిన నంబర్ అదే అనుకోండి, బ్యాంకు మీ మాటని వెతికేది దాంతోనే.

ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్ రూల్ ప్రకారం, మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. షాపుకి కట్టింది తేలకపోతే ఐదు రోజుల్లోపు రావాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి. ముందు యాప్‌లో, తర్వాత బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

షాపు నడిపేవాళ్లకి ఒక మాట. కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్‌ని నమ్మకండి. స్పీకర్ మోగకపోతే మీ యాప్‌లో చూసుకోండి. స్పీకర్‌కి సిగ్నల్ అందక మోగకపోయి ఉండొచ్చు, అది కూడా దారిలో పోయిన జవాబే.

బీటెక్ చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇంకో మాట. ప్రాజెక్టు పని చేస్తుందని చూపించడం అందరికీ వచ్చు. రెండు ల్యాప్‌టాప్‌ల మీద నడిపి, సరిగ్గా మధ్యలో ఒకదాన్ని ఆపేసి, లెక్క తప్పలేదని చూపించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకంటే మంచి కథ దొరకదు.

మూడో రోజు నా 640 నాకే తిరిగొచ్చింది. షాపుకెళ్లి నోట్లు చేతిలో పెట్టాను. ఆయన పుస్తకం తీసి, నా లైను వెతికి, పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశాడు.

"ఒకవేళ నేను రాకపోయుంటే అన్నా?" అనడిగాను.

"యాడికి పోతావ్? రాసిపెట్టుకున్నా గదా," అన్నాడు.