పట్టుకు ముందు విడుపు నేర్వాలి
పోటీ సైకిల్ పెడళ్లపై అవగాహన అవసరం

కోయిలకుంట్ల: సాధారణ సైకిల్ తొక్కేవారు ప్రమాదం ఎదురైన క్షణంలో అప్రయత్నంగా కాలు నేలపై ఆనిస్తారు. పాదాన్ని పెడల్‌కు బిగించే పోటీ సైకిళ్లపై ఆ అలవాటు పనికిరాదు. కాలును నేరుగా పైకి లాగితే ఊడిరాదు. సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోవాల్సి వస్తుంది. వెనుక బస్సో, లారీయో ఉంటే ప్రాణాపాయమే. నంద్యాల, ఆళ్లగడ్డ, జమ్మలమడుగు రహదారులపై సాధన చేయదలచిన యువత ఈ పెడళ్ల పనితీరును ముందుగా గ్రహించడం మేలు.

రెండు రకాలు: వీటిలో పాతది టో క్లిప్. పెడల్ ముందుభాగాన లోహపు పంజరం, దానిని చుట్టి తోలు పట్టీ ఉంటాయి. పాదాన్ని వెనుకకు జరిపి తీయాలి. పట్టీ బిగించి ఉంటే ముందుగా చేతితో వదులు చేయాలి. రెండవది క్లిప్‌లెస్. పంజరం లేనందున ఆ పేరు వచ్చింది. బూటు అడుగున బిగించిన క్లీట్ అనే బిళ్ల, పెడల్‌లోని స్ప్రింగు కొక్కెంలో ఇరుక్కుంటుంది. మడమను బయటివైపు తిప్పితే విడివడుతుంది. మంచుపై జారే క్రీడలో బూట్లను పట్టి ఉంచే సాధనాలు తయారుచేసే ఫ్రాన్స్ సంస్థ లుక్ 1984లో ఇటువంటి పెడల్‌ను విడుదల చేసింది. 1985లో బెర్నార్ ఇనో దానితోనే టూర్ డి ఫ్రాన్స్ పోటీని గెలవడంతో ఈ పద్ధతికి ప్రాచుర్యం లభించింది.

లాభం ఎంత?: పెడల్‌ను పైకి లాగడం వల్ల బలం రెట్టింపవుతుందన్నది అపోహ. అధికభాగం బలం కిందికి తొక్కడం ద్వారానే లభిస్తుంది. వేగంగా తొక్కినా, గుంతల్లో కుదుపులు వచ్చినా పాదం జారకుండా ఒకేచోట నిలవడమే అసలు ప్రయోజనం.

సాధన ఇలా: తొలుత స్ప్రింగు బిగువును పూర్తిగా తగ్గించాలి. గోడను పట్టుకొని సైకిల్‌పై కూర్చుని, ఒక్కొక్క పాదాన్ని తగిలించడం, విడిపించడం యాభై పర్యాయాలైనా చేయాలి. అనంతరం మెత్తని మైదానంలో ఒక కాలితో, ఆపై రెండు కాళ్లతో అభ్యసించాలి. సైకిల్ ఆగిన తరువాత కాక, ఇంకా కదులుతుండగానే పాదం విడిపించుకోవాలి. మన దేశంలో వాహనాలు ఎడమవైపున నడుస్తాయి కనుక ఎడమ కాలినే ముందు తీసి, అటే ఒరగడం సురక్షితం. క్లీట్ వంకరగా బిగిస్తే మోకాలి నొప్పి వస్తుంది. ఎడమ పెడల్ మర తిరగవేపుగా ఉంటుందని అమర్చేవారు గుర్తుంచుకోవాలి.

రేగడితో జాగ్రత్త: ఈ ప్రాంతంలో నల్లరేగడి నేలలు అధికం. వానాకాలంలో దారి పక్కన అడుగుపెడితే బంకమట్టి క్లీట్‌లో కూరుకుపోతుంది. అప్పుడు బూటు తగులుకోదు, తగులుకున్నా సులభంగా విడివడదు. పుల్లతో మట్టి తొలగించాకే ఎక్కాలి. కల్లాలుగా మారిన రోడ్లు, పశువుల మందలు, వేగ నిరోధకాలు ఎదురైనప్పుడు ముందే ఒక పాదం విడిపించుకోవాలి. ఒకవైపు కొక్కెం, మరోవైపు చదును ఉన్న పెడళ్లూ లభిస్తాయి. సంతలు, బస్టాండ్ల వంటి రద్దీ ప్రదేశాల్లో చదునువైపు తొక్కడమే శ్రేయస్కరం.